ఎడమ కిటికీలో ఎనభై మూడు

"నీ కార్డు సంఖ్యలో చివరి రెండంకెలు చెప్పు. చివరి రెండే చాలు."

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

హత్యానేరం మీద పట్టుకొచ్చి ఇది రెండో రోజు. సాయంత్రం అయిదింటికి కోర్టులో హాజరు పరుస్తారు, అక్కణ్ణించి జైలే. బయట బెంచీ మీద అత్తగారి ఒళ్ళో ఎనిమిది నెలల పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఇక్కడ ఈవిడగారు మాత్రం నోరు విప్పరు. ఉద్యోగంలో చేరిన రోజు ఎవరికీ చెప్పనని సంతకం పెట్టిందట! ఇలాంటివాళ్ళని చూస్తే గౌరవం కలగాలంటారు. ఆమె తరఫు లాయర్ని నేను, నాకు ఒళ్ళు మండింది.

"ఉద్యోగమే పోయిందమ్మాయ్! ఇంకా ఎవరి కోసం దాస్తున్నావు?"

"ఆఫీసరుగారు బతికుండగా ఆయనకే చెప్పలేదు మేడమ్. ఆయన సగం ఆయనది, నా సగం నాది."

"మొత్తం ఎవరడిగారు? చివరి రెండూ రోజూ కార్డు పెట్టగానే తలుపు పక్కన చిన్న కిటికీలో వెలిగేవేగా? అవేం రహస్యం?"

కాసేపు ఆలోచించింది. అందులో తప్పు లేదనిపించినట్టుంది. "ఎనభై మూడు" అంది.

"ఆఫీసరుగారిది?"

"నలభై ఏడు. ఎడమ కిటికీలో ఆయన నలభై ఏడు, కుడి కిటికీలో నా ఎనభై మూడు. ఆరేళ్ళుగా అంతే. అటుది ఇటు, ఇటుది అటు ఒక్కరోజూ అవలేదు."

ఆమె మందుల గిడ్డంగిలో డిప్యూటీ. ఆపరేషన్లకు వాడే మత్తుమందులు అక్కడ ఒక ఉక్కు గదిలో ఉంటాయి. ఆ గది తలుపు తెరవాలంటే ఆఫీసరు కార్డు ఒకటి, డిప్యూటీ కార్డు ఒకటి, రెండూ పడాలి. ఒక్కో కార్డులో నూట యాభై అంకెల ప్రధాన సంఖ్య ఒకటి రాసి ఉంటుంది. ప్రధాన సంఖ్య అంటే తనతోనూ ఒకటితోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా తెగనిది. ఏడు, పదకొండు, పదమూడు అని చిన్నప్పుడు మనం వల్లెవేసినవే, కాకపోతే ఇవి బాగా ముదిరినవి. ఆ రెంటినీ గుణిస్తే వచ్చే మూడువందల అంకెల సంఖ్యను తాళం కంపెనీవాళ్ళు తలుపు మీదే ఇత్తడి ఫలకంలో చెక్కిస్తారు. చేతనైతే విడదీసుకోండి అని సవాలు. కేసు ఒప్పుకునే ముందు ఇదంతా చదువుకున్నాను.

మొన్న ఉదయం ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద ఆఫీసరు శవం. తల వెనక ఇనప కడ్డీ దెబ్బ. ఆ వేళకు ఈ అమ్మాయి ఇంట్లో ఉంది. కానీ మొగుడు వేరే ఊళ్ళో, అత్తగారు వేరే గదిలో నిద్రలో. సాక్ష్యం చెప్పగలిగింది పాప ఒక్కతే.

"ఆఫీసరుగారు అంత పొద్దున్నే ఎందుకొచ్చారో నీకేమైనా తెలుసా?"

ఇప్పుడు తలెత్తింది. "పోయిన వారం మూడు సీసాల మూతలు తేడాగా కనపడ్డాయి మేడమ్. తీసి మళ్ళీ బిగించినట్టున్నాయి. పరీక్ష చేయిస్తే లోపల ఉప్పునీళ్ళు! ఎవరితోనూ అనకు, ఎవరో నేనే పట్టుకుంటానన్నారు ఆఫీసరుగారు. ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాను, నవ్వేశారు. ఏ అరలో ఏ సీసాలో నాకు గుర్తే. అయిదింటికి జడ్జిగారికి చెప్తాను. ఆ నీళ్ళు ఎక్కించి ఎవరి కడుపైనా కోస్తే..." అని ఆగిపోయింది.

అప్పటికి గాని నాకు ఆ అమ్మాయి మీద కోపం పోలేదు.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "ఏం మరదలా, అయిందా పరామర్శ?"

మా మేనత్త కొడుకు. చిన్నప్పుడు క్యారమ్స్‌లో ఓడిపోతే బోర్డు తిరగేసేవాడు. ఇప్పుడు డిపార్టుమెంటులో మంచి పేరుంది.

"సీసాల్లో ఉప్పునీళ్ళ సంగతి నీకు చెప్పిందటగా బావా?"

"చెప్పింది. పట్టుబడ్డ ప్రతివాళ్ళకీ ఓ కథ ఉంటుంది. చూడు, నీకు అర్థమయ్యేలా చెప్తాను. ఆ తలుపు తీయగలిగినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు పోయారు. రెండులోంచి ఒకటి తీసేస్తే ఎంత?"

"అంత గొప్ప తీసివేత చేశాక ఇంకా భయమెందుకు? నన్ను తలుపు చూడనీ."

"చూడు. నా కళ్ళెదుటే చూడు. తాళం కంపెనీ లెక్కల మాస్టారిని కూడా పిలిపించాను. ఆ సంఖ్యను విడదీయడం ఎవరి తరమూ కాదని కోర్టులో చెప్పబోయేది ఆయనే. ముందు నీకు చెప్తాడు, వినిపో."

గిడ్డంగి స్టేషనుకు నాలుగు వీధుల అవతల. మేం వెళ్ళేసరికి సూపర్‌వైజరు షట్టర్ ఎత్తించి, కుర్చీలు వేయించి సిద్ధంగా ఉన్నాడు. సన్నగా, శుభ్రంగా ఉన్న మనిషి. "అయ్యో, బంగారంలాంటి అధికారి మేడమ్. ఆ పిల్లేమో చీమకైనా హాని చేయదనుకున్నాం. ఎవరి కడుపులో ఏముందో ఏం చెప్తాం?" అన్నాడు. అడక్కుండానే మూడుసార్లు ఇలాంటివే అన్నాడు. లెక్కల మాస్టారు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఓ పక్కన కూర్చున్నారు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులట, లేవలేదు.

నేను తలుపు దగ్గరికి వెళ్ళాను. ఉక్కు తలుపు ఇంకా తెరిచే ఉంది. పోలీసులు కదపలేదు, ఆ మాత్రం మెచ్చుకోవాలి. గడప మీద సుద్ద గీత. ఎదురుగా అట్టపెట్టెలు విప్పే గది. ఆఫీసరు ఆ గదిలో నక్కి కూర్చున్నాడనడానికి గుర్తుగా స్టూలు, దాని పక్కన ఖాళీ ఫ్లాస్కు. దొంగ వచ్చి తలుపు తెరిచేదాకా ఓపిక పట్టి, అప్పుడు బయటికొచ్చి ఉంటాడు. ఒంటరిగా రావడమే ఆయన చేసిన తెలివితక్కువ పని. ఆయన కార్డు ఆయన మెడలోనే ఉంది. డిప్యూటీ కార్డు ఆ అమ్మాయి ఇంట్లో బీరువాలో దొరికింది.

ఫలకం మీద సంఖ్య పన్నెండు వరసల్లో ఉంది. మొదటి వరస చదివేసరికే కళ్ళు తిరిగాయి. చివరి రెండంకెలు సున్నా, ఒకటి. తలుపుకి అటొక స్లాటు, ఇటొక స్లాటు. ఒక్కో స్లాటు మీద వేలెడంత కిటికీ.

కిటికీలు రెండూ వెలుగుతున్నాయి. చూశాను. మళ్ళీ చూశాను.

"మాస్టారూ, ఈ కిటికీల్లో అంకెలు ఎప్పుడు చెరిగిపోతాయి?"

"తలుపు మూస్తేనేనమ్మా. తెరిచి ఉన్నంతసేపూ చివరగా పడ్డ కార్డుల తోకలు కనపడతాయి. ఎవరి కార్డు వాళ్ళు సరిచూసుకోడానికి పెట్టాం."

"బావా, ఇటు రా. ఎడమవైపు ఎంతుంది?"

"ఎనభై మూడు."

"కుడివైపు?"

"నలభై ఏడు. ఏంటి, ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటున్నావా?"

"రెండు రోజులుగా ఈ తలుపు చుట్టూ తిరుగుతున్నావు. ఫోటోలు కూడా తీయించావు. ఆఫీసరు స్లాటు ఎడమది, ఆయన సంఖ్య నలభై ఏడుతో ముగుస్తుంది. ఎనభై మూడు ఆ అమ్మాయిది, ఎప్పుడూ కుడివైపే పడేది. మొన్న పొద్దున రెండూ తారుమారుగా పడ్డాయి."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "అవునమ్మోయ్! ఎడమవైపు పడాల్సింది నలభై ఏడే. నేనిచ్చిందే."

"తారుమారుగా వేస్తే తలుపెలా తెరుచుకుంది మరి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తాళానికి మనుషులతో పనిలేదు బాబూ. రెంటినీ గుణిస్తుంది. అయిదుని ఏడుతో గుణించినా, ఏడుని అయిదుతో గుణించినా ముప్ఫై అయిదేగా? ఫలకం మీది సంఖ్య వస్తే తెరుచుకుంటుంది, అంతే."

"అలాగైతే ఒక కార్డులో ఒకటి రాసి, రెండోదాంట్లో ఈ ఫలకం మీదిది మొత్తం రాసి పడేస్తే సరి! గుణిస్తే అదేగా వచ్చేది?" బావ తన తెలివికి తానే మురిసిపోయాడు.

"నూట యాభై అంకెలకు మించితే స్లాటు తీసుకోదు బాబూ. మరీ అంత అమాయకులం కాదు. ఈ సంఖ్యను రెండుగా చీల్చే దారి ఒక్కటే. ఆ రెండు ప్రధాన సంఖ్యలూ తప్ప మూడోది దీన్ని భాగించదు."

"విన్నావుగా బావా! ఆరేళ్ళు కుడివైపు కార్డు పెట్టిన చెయ్యి, చీకట్లో కూడా కుడివైపే పోతుంది. ఈ పని చేసినవాడి దగ్గర రెండు సంఖ్యలూ ఉన్నాయి. ఏది ఎవరిదో మాత్రం తెలీదు, తెలుసుకునే పనీ లేదు. అంటే వాడు కార్డులు దొంగిలించలేదు, ఎవరినీ బెదిరించి చెప్పించుకోలేదు. ఈ ఫలకం మీది సంఖ్యనే విడదీశాడు. విడదీస్తే సంఖ్యలు రెండూ వస్తాయి గాని, వాటి మీద ఆఫీసరనీ డిప్యూటీ అనీ పేర్లు రాసుండవుగా!"

సూపర్‌వైజరు నీళ్ళ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టాడు. మంచి శ్రద్ధగా వింటున్నాడు.

ఇన్‌స్పెక్టరుకు చెవులు ఎర్రబడ్డాయి. "కావాలనే తారుమారుగా పెట్టింది. మనల్ని తికమక పెట్టడానికి."

"నిన్ను తికమక పెట్టాలనుకున్న మనిషి, నువ్వు రెండు రోజులైనా చూడని చోట పెడుతుందా?"

"నీతో ఇదే గొడవ! నోట్లోంచి మాట వచ్చిందంటే ఎదుటివాడి పరువు తీయందే ఊరుకోవు. ఎన్ని కబుర్లు చెప్పినా అయిదింటికి ఆ అమ్మాయి కోర్టుకి వెళ్తుంది. ఈలోపు నువ్వు మళ్ళీ వెళ్ళి నూరిపోయకుండా సామాన్ల గది పక్క గదిలో పెట్టించాను. నీకు తెలుసా, ఆ గదికీ ఈ కంపెనీ తలుపే. కార్డు ఒకటి నా దగ్గర, ఒకటి పైఅధికారి దగ్గర. సీసాలూ నీళ్ళూ అని ఏం చెప్పుకుంటుందో జడ్జిగారికే చెప్పుకోమను."

అతన్ని అలా అరవనిచ్చి నేను మాస్టారి ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఈ సంఖ్య ఒకరి చేతిలో విడిపోయింది. ఎలా విడిపోయిందో తేలకపోతే కిటికీల గోలంతా కోర్టులో కాకిలెక్క కింద కొట్టేస్తారు. నాకు మిగిలింది గంటన్నర.

"మాస్టారూ, దీన్ని మామూలుగా విడదీయడం అసాధ్యమేనా?"

"ఎంత పెద్ద యంత్రమున్నా మన జన్మలో అవదు. ఒట్టు."

"మీరు ఆ రెంటినీ ఎలా వెతికారు? సంఖ్యలు చెప్పొద్దు. పద్ధతి చెప్పండి."

ఆయనకు హుషారొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న వేసినవాళ్ళు తక్కువేమో. "ముందు పాచికలు వేస్తానమ్మా. నూట యాభై అంకెలూ పాచికలతోనే, నా చేత్తోనే. అక్కణ్ణించి యంత్రం ఒక్కో బేసి సంఖ్యనీ పరీక్షిస్తూ పైకి పోతుంది. ఆ సైజులో సగటున మూడువందల చిల్లర సంఖ్యలకు ఒక ప్రధాన సంఖ్య తగులుతుంది. తగిలిందా, ఆగి గంట కొడుతుంది. అది మొదటి కార్డు."

"రెండో కార్డుకి మళ్ళీ పాచికలు వేస్తారా?"

మాస్టారు నా వంక చూసి నవ్వారు. "మళ్ళీ నూట యాభైసార్లా? చేతులు పడిపోవూ! యంత్రం ఎలాగూ అక్కడే ఆగి ఉంటుంది. 'కొనసాగించు' అని మీట నొక్కుతాను. అది పైకి పోయి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అదీ కడిగిన ముత్యమే. ఒక్కోదాన్నీ నలభైసార్లు పరీక్షిస్తాను, ప్రధాన సంఖ్య కానిది నా చేతిలోంచి ఇంతవరకూ బయటికి పోలేదు."

పోలేదు, నిజమే. ఆయన ప్రతి సంఖ్యనూ విడిగా చూసుకున్నాడు. రెండూ పక్కపక్కన కూర్చున్నాయని చూసుకోలేదు. ఆయన వృత్తిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇంత శ్రద్ధగా ఇలాంటి తప్పు చేయలేరు.

"బావా, తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై ఒకటి ఏ రెంటిని గుణిస్తే వస్తుంది?"

"నాకేం తెలుసు? మూడుతో పోదు. ఏడుతో..." వేళ్ళు మడుస్తూ ఆగిపోయాడు.

"మూడూ ఏడూ వద్దు. రెండూ దగ్గర దగ్గర సంఖ్యలని నీకు ముందే తెలుసనుకో. అప్పుడు రెండూ దాని వర్గమూలానికి అటొకటీ ఇటొకటీ ఉండాలి. దీని వర్గమూలం వందకు ఓ వెంట్రుకవాసి తక్కువ. సరే, వంద అనుకో. వందా వందలు పదివేలు. పదివేలలోంచి మన సంఖ్య తీసేస్తే తొమ్మిది. తొమ్మిది అంటే మూడు మూళ్ళు. వందలోంచి మూడు తీసేయి, వందకు మూడు కలుపు. తొంభై ఏడు, నూటమూడు. గుణించి చూసుకో."

అతను ఫోను తీసి గుణించాడు. సరిపోయింది.

నేను చెప్తుండగానే మాస్టారి ముఖం పాలిపోయింది. "వద్దమ్మా" అన్నారు మెల్లగా.

"ల్యాప్‌టాప్‌లో ఈ ఫలకం సంఖ్య ఉందిగా. వర్గమూలం తీయండి."

తీశారు.

"పై పూర్ణసంఖ్యకు జరపండి. దాన్ని దానితోనే గుణించండి. అందులోంచి ఫలకం సంఖ్య తీసేయండి. ఎంతొచ్చింది?"

మూడువందల అంకెల్లోంచి మూడువందల అంకెలు పోయి తెర మీద అయిదంకెలు మిగిలాయి. ఇరవై ఎనిమిదివేల రెండువందల ఇరవై నాలుగు. దాని వర్గమూలం నేనడక్కుండానే ఆయనే నొక్కారు. నూట అరవై ఎనిమిది. సరిగ్గా, చుక్క తర్వాత ఏమీ లేకుండా.

"తీసేస్తే ఒకటి, కలిపితే ఒకటి" అన్నాను. "చివర్లు చూడండి."

"నలభై ఏడు. ఎనభై మూడు." ఆయన కళ్ళజోడు తీసేశారు. "నా జన్మలో అవదన్నానమ్మా. ఒట్టు కూడా వేశాను. నీళ్ళు తాగినంతసేపు పట్టలేదు."

ఇన్‌స్పెక్టరు తెర వంక, తలుపు వంక మార్చి మార్చి చూశాడు. మనిషికి పొగరెంతున్నా బుర్ర లేనివాడు కాదు. "రెండు రోజులు..." అన్నాడు. "ఆ పసిపిల్ల తల్లిని రెండు రోజులు కూర్చోబెట్టాను."

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. మాస్టారూ, విడదీశాక ఆ సంఖ్యల్ని కార్డుల మీద ఎక్కించాలిగా. ఖాళీ కార్డులు ఎక్కడ దొరుకుతాయి?"

"బయట దొరకవు. కార్డులు పాడైతే కష్టమని తలుపుతో పాటు అరడజను మేమే ఇస్తాం. వాటి మీద సంఖ్య రాసే చిన్న పెట్టె కూడా ఇస్తాం. ఇక్కడ అవి సూపర్‌వైజరుగారి దగ్గరే ఉంటాయి." ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఆగారు. "ఆయన చాలా తెలివైనవాడమ్మా. లెక్కల్లో డిగ్రీ. పోయినేడాది సర్వీసింగుకి వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, నువ్వడిగిన ప్రశ్నే అడిగాడు. రెండోదాన్ని ఎలా వెతుకుతారు మాస్టారూ అని. ఇంత ఆసక్తి ఉన్న మనిషి దొరికాడు కదా అని అంతా చెప్పాను."

ముగ్గురం ఒక్కసారే వెనక్కి తిరిగాం. నా పక్కన నీళ్ళ గ్లాసు ఉంది. మనిషి లేడు.

"ఇప్పుడే ఉన్నాడుగా! ఎప్పుడెళ్ళాడు?"

"నువ్వు అరిచినప్పుడు" అన్నాను. "ఆ అమ్మాయి ఏ గదిలో ఉందో, ఆ గదికి ఏ తలుపుందో, సీసాల సంగతి ఎవరికి చెప్పబోతోందో, అన్నీ నువ్వే చెప్పావు. ఆఫీసరు పోయాక ఆ సీసాలు ఏవో తెలిసింది ఈ పిల్లకొక్కదానికే. మాస్టారూ, స్టేషను తలుపుకి కూడా సంఖ్యలు వెతికింది మీరేనా?"

"అన్ని తలుపులకీ నేనే." ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. "అన్నిటికీ అదే మీట."

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను చెవిన పెట్టుకుని షట్టర్ వైపు పరుగెత్తుతున్నాడు. నేను వెనకాలే పరుగెత్తాను. వీధి మలుపులో అతను స్పీకరు నొక్కాడు. కాపలా కానిస్టేబులు గొంతు తాపీగా ఉంది.

"వచ్చారు సార్, మీరు పంపిన మనిషి. తలుపు సర్వీసింగటగా? వరండాలో కూర్చుని ఫలకం ఫోటో తీసుకుని కంప్యూటర్లో ఏదో చూసుకుని, ఓ చిన్న పెట్టెలో కార్డులు పెట్టి తీశారు."

"ఎక్కడున్నాడు? ముందు వాణ్ణి పట్టుకో! తలుపు దగ్గరికి రానీయకు!"

"అదేంటి సార్? మీ కార్డూ, పెద్దసారు కార్డూ రెండూ మీరే ఇచ్చి పంపారన్నారు. రెండూ పడ్డాయి కూడా, తలుపు తెరుచుకుంది. లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నారు సార్."